తాళంచెవి తిప్పినందుకు

ముప్ఫై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నీటిని నొక్కితే లొంగదు అని ఎన్ని వందలమంది పిల్లలచేత వల్లె వేయించానో లెక్కలేదు. సైకిలు పంపు మూతి వేలితో మూసి నొక్కించేవాణ్ణి. తరవాత దాన్లో నీళ్ళు పోసి నొక్కమనేవాణ్ణి. పిల్లల మొహాలు ఎర్రబడేవేగాని పిడి కిందికి దిగేది కాదు. ఇంత చెప్పినవాడికి, కారులో కూర్చున్నవేళ ఆ పాఠం ఎందుకు గుర్తు రాలేదని మా ఆవిడ అడిగితే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

2020 అక్టోబరు 13, మంగళవారం. హైదరాబాదులో ఉన్నవారికి ఆ తేదీ చెబితే చాలు. ఘట్‌కేసర్ వైపు ఆ ఒక్కరోజున ముప్ఫై సెంటీమీటర్లు దాటి కురిసింది. మేము రామంతపూర్‌లో మా అమ్మాయింటికి వెళ్ళి ఉన్నాము. మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్. సాయంత్రం బయలుదేరబోతుంటే, "ఈ రాత్రికి ఉండిపోండి నాన్నా" అంది అమ్మాయి. అల్లుడూ అదే మాట అన్నాడు. మా ఆవిడ అప్పుడే చెప్పులు విప్పేసింది కూడాను. "అయిదారు కిలోమీటర్లు లేదు, అరగంటలో ఇంట్లో ఉంటాం" అన్నాను నేను. అసలు సంగతేమిటంటే అల్లుడింట్లో పరుపు నా నడుముకు పడదు. ఆ మాట పైకి అనలేం కదా!

రెండు వీధులు దాటేసరికి రోడ్డు దిగుడుగా ఉన్నచోట ఏరులా నీళ్ళు పారుతున్నాయి. మా ముందున్న సిటీ బస్సు నిదానంగా దాటిపోయింది.

"బస్సు వెళ్ళిందిగా" అన్నాను.

"బస్సు ఏనుగండీ, మనది మేక" అంది ఆవిడ.

మేకను దింపాను. నీళ్ళు చక్రాల్లో సగానికి వచ్చాయి. అక్కడితో ఆగితే గట్టెక్కేవాళ్ళమే. ఇంతలో ఎదురుగా ఇంకో బస్సు వచ్చింది. అది తోసిన అల వచ్చి బానెట్టు మీదుగా అద్దానికి కొట్టింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఇంతవరకూ జరిగినదాంట్లో నా తప్పు సగమే అంటాను. మిగతా సగం ఇప్పుడు చేశాను. తాళంచెవి తిప్పాను. ఇంజను గుర్రుమంది, అందుకోలేదు.

"ఇక తిప్పకండి. మిక్సీలో నీళ్ళు పోతేనే ఆరిందాకా నేను స్విచ్చి వెయ్యను" అంది ఆవిడ.

మిక్సీకీ కారుకీ పోలికేమిటని మళ్ళీ తిప్పాను. మళ్ళీ తిప్పాను. ఇంజను అందుకుంది! "చూశావా?" అనబోయేలోగా లోపల దడదడమని, ఠంగుమని ఒక చప్పుడయి నిలిచిపోయింది. ఆ తరవాత తిప్పితే "టక్" అనడం తప్ప మరేమీ లేదు. ఎవరో నలుగురు కుర్రాళ్ళు పాపం నడుముల్లోతు నీళ్ళలో దిగి కారును గట్టుకు తోశారు. తడిసి ముద్దయి అమ్మాయింటికే తిరిగి వెళ్ళాము. ఆ పరుపు మీదే పడుకున్నాను.

ఆ రాత్రి నగరంలో గోడలు కూలి, వరదలో కొట్టుకుపోయి ఎంతోమంది చచ్చిపోయారు. తెల్లవారి ఆ వార్తలు విన్నాక కారు సంగతి ఎత్తడానికే సిగ్గు వేసింది.

మేస్త్రీ చేతికి కారు రావడానికే వారం పట్టింది. షెడ్డు నిండా మావంటివే. ముందుగా ఆయిలు కొలిచే కడ్డీ పైకి తీసి చూపించాడు. పాలు ఎక్కువైన కాఫీలా ఉంది రంగు. నాలుగు ప్లగ్గులూ విప్పి ఇంజను తిప్పితే, రెండు రంధ్రాల్లోంచి నీళ్ళు పిచికారీలా చిమ్మాయి. ఆ తరవాత సన్నని కడ్డీ ఒకటి ఒక్కొక్క రంధ్రంలోకి దించి, ఏ పిస్టను ఎంత ఎత్తుకు వస్తున్నదో గీతలు పెట్టుకున్నాడు. మూడోది తక్కినవాటికంటె కొంచెం కిందనే ఆగిపోతున్నది.

"రాడ్డు వంగింది సార్" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఇంజను గాలి పీల్చే ముక్కు హెడ్‌లైటుకు దగ్గర్లోనే ఉంది. పీల్చిన గాలిని పిస్టను పైకి లేచి పదో వంతుకు నొక్కుతుంది. గాలికి బదులు అక్కడ నీళ్ళుంటే? వాల్వులన్నీ మూసుకుని ఉంటాయి, నీళ్ళకు పోయే దారి లేదు, కుదించుకుందామంటే వాటి స్వభావం కాదు. పిస్టను పైకి పోలేక నిలబడుతుంది. కింద తిరిగే క్రాంకు మాత్రం ఊరుకోకుండా తోస్తూనే ఉంటుంది. ఇద్దరి మధ్యనా చిక్కిన కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అచ్చంగా నా సైకిలు పంపు పాఠమే!

"ఆగినప్పుడు ముట్టుకోకుండా వదిలేసి ఉంటే?" అని అడిగాను.

"బ్యాటరీ తీగ విప్పేసి, లాక్కొచ్చి నాకు ఇచ్చి ఉంటే నీళ్ళు కక్కించి, ఆయిలూ ఫిల్టర్లూ మార్చి ఇచ్చేవాణ్ణి. ఆరేడు వేలలో పోయేది" అన్నాడు. ఇప్పుడు డెబ్బై రెండు వేలట.

మేస్త్రీ ఇంకో మాట కూడా చెప్పాడు. "సర్వేయరు వస్తాడు సార్. మళ్ళీ స్టార్టు చేశారా అని అడుగుతాడు. చెయ్యలేదనండి. అందరూ అంతే అంటారు."

మాకు ఉన్నది మనం ఫుల్ ఇన్సూరెన్సు అనుకునే పాలసీయే. వరద చేసిన నష్టానికి వాళ్ళు ఇస్తారు. ఆగిన ఇంజన్ను మళ్ళీ తిప్పి తెచ్చుకున్న నష్టం వరద చేసింది కాదు, మీరు చేసుకున్నది అంటారు. ఇంజను కోసం విడిగా కొంత కట్టి రక్షణ తీసుకోవచ్చునని ఏజెంటు చెప్పకపోలేదు. "కారు పడవనుకున్నావటోయ్?" అని నవ్వాను.

డెబ్బై రెండు వేలు మా దగ్గర లేక కాదు. ఉన్నాయి. అవి కాశీ డబ్బులు. ఆ మే నెలలో వెళ్ళడానికి టిక్కెట్లు కొనుక్కుంటే కరోనాతో రైళ్ళు ఆగిపోయి సొమ్ము తిరిగి వచ్చింది. దానికి చేర్చడానికి ఆవిడ నాలుగేళ్ళుగా కూరల డబ్బుల్లో మిగిల్చినవి వేరే ఉన్నాయి.

సర్వేయరు ఇంటికే వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. ఆవిడ కాఫీ తెచ్చి ఇచ్చింది. అతను కాగితాలు తిరగేసి, "ఇంజను ఆగాక మళ్ళీ స్టార్టు చేశారా మాష్టారూ?" అన్నాడు.

నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చెయ్యమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. మాట నాలుక చివర దాకా వచ్చింది. "లేదు" అంటే ఎంతసేపు? అతను రాసుకుని వెళ్ళిపోతాడు. కాని "మాష్టారూ" అన్నాడే! పరీక్షలో కాపీ కొట్టినందుకు ఎంతమందిని బల్ల ఎక్కించానో గుర్తొచ్చింది.

"తిప్పాను. నాలుగుసార్లు" అన్నాను.

అతని కలం ఆగింది. "నాలుగా?"

"అయిదు" అని వినిపించింది వంటింట్లోంచి.

కార్పెట్లూ సీట్లూ వైర్లూ బాగు చేయించినదానికి ఇచ్చారు. ఇంజనుకు రాలేదు. ఆ సాయంత్రం ఆవిడ బ్యాంకు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "కాశీ ఎక్కడికీ పోదు లెండి" అంది. దెప్పలేదు. దెప్పినా బాగుండేది.

2023 ఫిబ్రవరిలో వెళ్ళి వచ్చాము కాశీకి. కారు ఇంకా నడుస్తూనే ఉంది. వాన మొదలైతే మాత్రం తాళంచెవి ఆవిడ కొంగున ఉంటుంది.