కెమెరావాళ్ళని రాత్రి రమ్మనండి

వదినగారూ, డ్రిల్లు చప్పుడు విని వచ్చాను. సీసీ కెమెరాలు పెట్టిస్తున్నారా? మంచి పని. ఆ కుర్రాడు గోడకి కన్నాలు పెట్టకముందే నాలుగు మాటలు చెప్పనివ్వండి. మా మరిది చేసేది ఈ పనే. మా ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఇవే సంగతులు నడుస్తుంటాయి.

ముందు గేటు సంగతి చూడండి. మేడ అంచున పెడితే వీధంతా కనిపిస్తుందంటున్నాడా? కనిపిస్తుంది, కాదనను. కానీ అంత ఎత్తునుంచి చూస్తే వచ్చినవాడి నడినెత్తే గానీ మొహం తెలీదు. టోపీ పెట్టుకున్నాడంటే అసలేం తెలీదు. పైన ఒకటి ఉంటే ఉండనివ్వండి గానీ, గేటు దగ్గర ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తులో, మనిషి నడిచొచ్చే దారికి ఎదురుగా ఇంకోటి ఉండాలి. లెన్సు ఎంతో కూడా అడగండి. 2.8 ఎంఎం లెన్సు వంద డిగ్రీల దాకా వెడల్పుగా చూపిస్తుంది, అందులో దూరంగా ఉన్న మనిషి మరీ చిన్నగా పడతాడు. 6 ఎంఎం దానికి వెడల్పు దాదాపు సగమే, మొహం మాత్రం దగ్గరగా వస్తుంది. వసారాకి మొదటిది, ఆ పొడుగాటి సందుకి రెండోది. రేపు ఏదన్నా జరిగితే పోలీసులు అడిగేది మొహం, బండి నంబరు.

ఇంకో మాట. పని అయిపోయిందని సాయంత్రమే డబ్బులు మొత్తం ఇచ్చి పంపెయ్యకండి. పగలు ఏ కెమెరా అయినా బాగానే చూపిస్తుంది. బాగా చీకటి పడ్డాక ఒకసారి వచ్చి చూపించమనండి, మిగతా డబ్బులు అప్పుడిద్దురుగాని.

ఎందుకంటే చీకటి పడగానే లెన్సు చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి. మన కంటికి సన్నగా ఎర్రగా మిణుకుమంటాయంతే, కెమెరాకి మాత్రం అదే దీపం. ఆ వెలుతురు మీ తెల్ల సన్‌షేడ్ మీద పడి తిరిగి లెన్సులోకి కొట్టిందంటే బొమ్మంతా పొగమంచు కమ్మినట్టుంటుంది. గోడనుంచి కాస్త ముందుకి జరిపితేనో, కిందికి వంచితేనో పోతుంది. కిటికీ అద్దం వెనకాల పెట్టినా ఇదే గొడవ. పైగా ఆ లైట్ల చుట్టూ పురుగులు మూగుతాయి, పురుగుల కోసం సాలీడు వచ్చి లెన్సు ముందే గూడు కడుతుంది. వారానికోసారి పొడుగు కర్ర చీపురుతో దులిపించండి.

చాలామంది ఇళ్ళలో ఇంకో బాధ ఉంటుంది: పగలంతా శుభ్రంగా పనిచేసే కెమెరా రాత్రయితే ఆరిపోతుంది, తెల్లారితే దానంతటదే వస్తుంది. కెమెరా పాడైందనుకుని కొత్తది కొనేస్తారు పాపం, అదీ అంతే చేస్తుంది. తప్పు కెమెరాది కాదు వదినగారూ, కరెంటుది. రాత్రి ఆ లైట్లు కూడా వెలగాలి కాబట్టి కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. మీ పెరటి చివరిదాకా సన్న తీగలో పోయేసరికి 12 వోల్టులు కాస్తా పదికో పదిన్నరకో పడిపోతాయి. కెమెరా ఆరిపోతుంది, లైట్లు ఆరగానే మళ్ళీ లేస్తుంది, మళ్ళీ ఆరిపోతుంది. రాత్రిపూట మల్టీమీటరు కెమెరా దగ్గర పెట్టి చూడమనండి, నిమిషంలో తేలిపోతుంది. తీగ రాగిదా, రాగిపూత పూసిన అల్యూమినియమా అని ఇప్పుడే అడగండి. బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపించిందా, అల్యూమినియమే. ఆ చుట్ట వెనక్కి పంపించి రాగిది తెమ్మనండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

జాయింట్లు బయట వేలాడనివ్వద్దు. మన కాకినాడ ఉప్పుగాలికి, వానకి పిన్నులకి చిలుము పట్టేస్తుంది. టేపు చుడితే ఒక్క వర్షాకాలం ఆగుతుందేమో. ప్రతి కెమెరా వెనకా ప్లాస్టిక్ బాక్సు పెట్టించి జాయింట్లు అందులో దాచమనండి. కేబులు బాక్సులోకి వెళ్ళేముందు కిందికి ఒక వంపు తిరగాలి. తీగ వెంట జారే వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, లోపలికి పోవు.

తరవాత ఎప్పుడన్నా బొమ్మ రాకపోతే కంగారుపడి ఫోను చెయ్యకముందు మీరే చూసుకోవచ్చు. నాలుగు కెమెరాలూ ఒకేసారి పోయాయంటే పవర్ సప్లై చూడండి. ఒక్కటే పోతే దాని తీగ పీకి, రికార్డు చేసే డీవీఆర్ పెట్టె వెనక బాగా పనిచేస్తున్న దాని చోట పెట్టండి. అక్కడ బొమ్మ వచ్చిందంటే డీవీఆర్‌లో ఆ పోర్టు పోయినట్టు. రాలేదంటే తీగో, కెమెరానో. అప్పుడు కెమెరా విప్పించి, డీవీఆర్ పక్కనే పొట్టి తీగతో పెట్టి చూస్తే ఆ రెండిట్లో ఏదో తెలిసిపోతుంది. ఇంత చిన్న పరీక్ష చెయ్యకుండానే కెమెరా మార్చాలనేవాళ్ళని నమ్మకండి.

ఆఁ, మీ అబ్బాయి బెంగళూరునుంచి ఫోన్లో చూసుకుంటాడా? చూసుకోనివ్వండి. కానీ ఫోన్లో బొమ్మ వచ్చినంతమాత్రాన రికార్డవుతోందని కాదు. హార్డ్ డిస్కు చచ్చిపోయినా ఫోన్లో బొమ్మ చక్కగా వస్తూనే ఉంటుంది. నాకు అన్నిటికన్నా దిగులు దీని గురించే. దొంగతనం జరిగిన రోజున తీసి చూసేదాకా డిస్కు పనిచెయ్యట్లేదని తెలియని ఇళ్ళు ఎన్నో అని మా మరిది అంటాడు. డిస్కు పాడైతే డీవీఆర్ కీచుకీచుమంటుంది, నిద్ర పాడవుతోందని దాని నోరు నొక్కేస్తారు. అలా చెయ్యకండి. నెలకోసారి వారం కిందటి రాత్రి రికార్డింగు ఒక్క పది నిమిషాలు వేసి చూడండి.

డిస్కు ఎంతది పెడుతున్నాడు? 1 టీబీయా? చాలదు. 2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265లో సెకనుకి 2 మెగాబిట్ల లెక్కన రాసినా రోజుకి 21 జీబీ దాటుతుంది. నాలుగింటికి 86. అంటే పన్నెండు రోజులు తిరక్కుండానే పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. మీరు పండక్కి ఊరెళ్ళి పదిహేను రోజులకి వస్తే మొదటిరోజు సంగతి ఉండదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం, జనం ఎక్కువగా వచ్చే చోట్ల 30 రోజుల రికార్డింగు దాచమంది. మన ఇళ్ళకి అంత కాకపోయినా 2 టీబీ అయినా పెట్టించండి. అదీ కెమెరాల కోసం చేసిన డిస్కే, ఇరవైనాలుగ్గంటలూ రాస్తూ ఉండాలి కదా.

డీవీఆర్‌లో గడియారం సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోవాలి. లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎక్కడికో పోతుంది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి రికార్డింగుని కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే సర్టిఫికెట్ జత చెయ్యాలి. టీవీ తెరని ఫోనుతో వీడియో తీసి ఇస్తే సరిపోదు. ఏదన్నా జరిగితే డీవీఆర్‌ని కదపకుండా, కొత్తది రాసెయ్యకముందే పోలీసులకి చెప్పండి. డీవీఆర్‌తో పాటు నెట్ రూటర్‌ని కూడా ఇన్వర్టర్ మీద వేయించండి, కరెంటు తీసేసి వచ్చే దొంగలూ ఉంటారు.

పాస్‌వర్డు ఆ కుర్రాడికి వదిలెయ్యకండి, మీరే మార్చి డైరీలో రాసుకోండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఒకటొచ్చింది. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి దూరి, వాటినే వాడుకుని అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలు అందకుండా చేసేసింది. ఎవరో ఒకళ్ళ ఇంట్లో కెమెరాలే అవన్నీ.

చివరాఖరికి ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ పెరటి వైపు కెమెరా అలా పెడితే మా బావి గట్టు మీదికి చూస్తుంది. మా అమ్మాయి తలంటుకుని జుట్టు ఆరబెట్టుకునేది అక్కడే. డీవీఆర్‌లో ఆ ముక్క వరకు నల్లగా కప్పే ఏర్పాటు ఉంటుంది గానీ, కప్పింది ఎప్పుడైనా తీసెయ్యొచ్చు కదా. కెమెరానే కాస్త మీ దొడ్డి తలుపు వైపు తిప్పించండి. మీకు కావలసింది ఆ తలుపే. కన్నం ఇంకా పెట్టలేదు కాబట్టి పని కూడా పెరగదు. రాత్రి వాళ్ళు వచ్చినప్పుడు నన్నూ ఒక కేక వెయ్యండి, మా వైపు ఎంతవరకు పడుతోందో ఇద్దరం చూద్దాం.