వెనక నుంచి ఎవరూ తన్నలేదు

మా మావయ్య రెండుసార్లు రిటైరయ్యాడు.

మొదటిసారి ముప్పై ఏళ్ళకి, ఫుట్‌బాల్ నుంచి. ఆ రోజు దండల్లేవు, ఫొటోల్లేవు. అదే తన చివరి మ్యాచని ఆయనకే తెలీదు. రెండోసారి అరవై ఏళ్ళకి, ఉద్యోగం నుంచి. దానికి మాత్రం శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు, నలుగురు మైకు పట్టుకుని ఏడుపు గొంతుతో మాట్లాడారు. ఆ గడియారం పట్టుకుని, వైజాగ్‌లో క్వార్టర్స్ ఖాళీ చేసి, అత్తయ్యతో సహా నర్సీపట్నం వచ్చేశాడు. వచ్చిన నెల్లోనే సాయంత్రాలు గ్రౌండుకి వెళ్ళడం మొదలెట్టాడు.

మా ఊరి పేరుతో ఒక రైల్వే స్టేషనుంది గానీ అది మా ఊళ్ళో లేదు. నర్సీపట్నం రోడ్ అని బోర్డు చూసి దిగినవాళ్ళు అక్కణ్ణించి బస్సో ఆటోనో పట్టుకుని రావాలి. మావయ్య ఫుట్‌బాల్ కూడా నాకు చిన్నప్పట్నుంచీ అలాంటిదే. పేరు మా ఊరిదే, ఆటంతా ఎక్కడో జరిగిపోయింది. అమ్మమ్మగారింట్లో అద్దాల బీరువాలో మూడు కప్పులు, ఒక గ్రూపు ఫొటో. అందులో ఎడమవైపు కూర్చున్న సన్నటి మనిషి మావయ్య అంటే నేను నమ్మేదాన్ని కాదు. నాకు తెలిసిన మావయ్యకి పొట్ట ఉంది, షుగరుంది, స్కూటర్ స్టార్ట్ చెయ్యడానికే ఆయాసం ఉంది.

2024 డిసెంబర్లో అత్తయ్య ఫోన్ చేసింది. కనుమ రోజు కాలేజీ గ్రౌండులో పాతోళ్ళకీ కుర్రోళ్ళకీ మ్యాచ్ పెడుతున్నారట. మావయ్య ఆడతానంటున్నాడట. "నా మాట ఇనడు. నువ్వంటే గురి కదా, నువ్వైనా చెప్పు తల్లీ" అంది.

చెప్పాల్సింది. కానీ నేను చేసింది వేరు.

ఆ నెలలోనే సునీల్ ఛెత్రీ కేరళ బ్లాస్టర్స్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. నలభై ఏళ్ళ వయసులో. మన సికింద్రాబాద్‌లో పుట్టినవాడు. నేను ఆ వార్త మావయ్యకి వాట్సాప్‌లో పంపించాను. ఆయన వెంటనే మూడు చప్పట్లు పంపాడు. మర్నాడు స్టాన్లీ మాథ్యూస్ గురించి పంపాను: 1965లో, యాభయ్యో పుట్టినరోజు దాటాక, ఇంగ్లండ్ మొదటి డివిజన్లో స్టోక్ సిటీకి ఆడాడు. ఆ తర్వాత జపాన్ వాడు కజుయోషి మియురా, 2017లో యాభై ఏళ్ళ వయసులో లీగ్ మ్యాచ్‌లో గోల్ కొట్టాడు. కామెరూన్ రోజర్ మిల్లా, నలభై రెండేళ్ళకి 1994 వరల్డ్ కప్‌లో గోల్. ఈజిప్టు గోల్‌కీపర్ ఎల్ హదరీ, 2018 వరల్డ్ కప్‌లో నలభై ఐదేళ్ళకి పెనాల్టీ ఆపాడు. ఆఫీసులో లంచ్ టైములో వెతికి వెతికి మరీ పంపేదాన్ని. మాకిద్దరికీ మాట్లాడుకోడానికి అంతకుముందు "తిన్నావా, టాబ్లెట్ వేసుకున్నావా" తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడొక విషయం దొరికింది. ఆ సంతోషంలో అత్తయ్య చెప్పిన పని పక్కకి పోయింది.

అత్తయ్య గొడవ పెట్టినప్పుడల్లా మావయ్య ఫోన్ తీసి చూపించేవాడట. "ఇదుగో, నీ మేనకోడలే పంపింది. యాభై ఏళ్ళోడు ఆడతన్నాడు, నానాడితే ఏటంట?"

ఆయనకి యాభై కాదు, అరవై ఒకటి.

*

కనుమ రోజు గ్రౌండు చుట్టూ జనం బాగానే చేరారు. మా ఊళ్ళో సంక్రాంతంటే అందరూ ఊరికొస్తారు, వచ్చాక ఏం చెయ్యాలో తెలీక గ్రౌండుకొస్తారు. పాతోళ్ళ జట్టులో ఒక మేష్టారు, ఒక మందుల షాపాయన, ఆర్టీసీ డ్రైవరొకాయన. ఎవరికీ జెర్సీ పట్టలేదు. అవతల జట్టులో డిగ్రీ కుర్రాళ్ళు. అరగంటే ఆట అనుకున్నారు.

మొదటి ఐదు నిమిషాలూ మావయ్య పెద్దగా పరిగెత్తలేదు. మధ్యలో నిలబడ్డాడు. నాకు ఫుట్‌బాల్ పెద్దగా తెలీదు, కానీ ఒక సంగతి కనిపెట్టాను. బంతి ఎటు పోతే కుర్రాళ్ళు అటు పరిగెడుతున్నారు. మావయ్య మాత్రం బంతి లేనిచోటికి నాలుగడుగులు నడుస్తున్నాడు. కాసేపటికి బంతి అక్కడికే వస్తోంది. ఒకసారి వచ్చిన బంతిని ఆపకుండానే, తలైనా ఎత్తి చూడకుండా, ఎడం కాలి లోపలివైపుతో నెమ్మదిగా తోశాడు. అది ఇద్దరి మధ్య నుంచి వెళ్ళి మందుల షాపాయన కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన దాన్ని గోల్ పక్కనుంచి బయటికి కొట్టాడనుకోండి. కానీ ఆ ఒక్క పాస్‌తో ఫొటోలో ఎడమవైపు కూర్చున్న సన్నటి మనిషెవరో నాకు తెలిసింది.

తర్వాత ఒక కుర్రాడు మావయ్య వైపు పరిగెత్తుకొచ్చి, దగ్గరికొచ్చేసరికి వేగం తగ్గించేశాడు. వెనక నుంచి ఇంకొకడు, "అంకుల్‌కి వదిలెయ్ రా" అన్నాడు. అందులో వెటకారం లేదు, మర్యాదే. మావయ్య ఆగిపోయాడు. బంతి మీద కాలేసి, "వదిలెయ్యడమేటి? రా, తీసుకో!" అని అరిచాడు. నేనెప్పుడూ వినని గొంతు. అరిచి, బంతిని ముందుకి తోసి, దాని వెనక పరిగెత్తాడు. నిజంగా పరిగెత్తాడు, మూడడుగులో నాలుగడుగులో.

నాలుగో అడుగులో ఆగి వెనక్కి తిరిగాడు. కోపంగా చూశాడు. "ఎవడ్రా ఎనక నుంచి తన్నింది?" అన్నాడు.

వెనక ఎవరూ లేరు. దగ్గర్లో ఉన్న కుర్రాడు నాలుగు గజాల దూరంలో చేతులు పైకెత్తి నిలబడ్డాడు. అప్పుడు మావయ్య కింద కూర్చున్నాడు.

*

మడమ వెనకుండే అకిలిస్ టెండన్ తెగితే అందరికీ అలాగే అనిపిస్తుందట. ఎవరో వెనక నుంచి తన్నినట్టు, కర్రతో కొట్టినట్టు. వైజాగ్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరుగారు చెప్పారు. పిక్కని మడమకి కట్టి ఉంచే తాడు అది. ఒంట్లో అంత బలమైన తాడు ఇంకోటి లేదు, కానీ దానికి రక్తం తక్కువ అందుతుంది, వయసుతో బిరుసెక్కుతుంది. ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్కసారి లేచి పరిగెత్తినప్పుడు తెగుతూ ఉంటుంది. "రోజూ ఆడేవాళ్ళ కంటే ఎప్పుడో ఓసారి ఆడేవాళ్ళే మా దగ్గరికి ఎక్కువొస్తారమ్మా" అన్నారాయన.

హాస్పిటల్ వరండాలో కూర్చుని నేను పంపిన మెసేజీలన్నీ పైనుంచి కిందికి చదువుకున్నాను. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ అన్నిట్లోనూ ఒకటే దాచాను, నాకే తెలీకుండా. ఛెత్రీ రిటైరయింది దేశం జట్టు నుంచి మాత్రమే, బెంగళూరు క్లబ్బుకి ఆడుతూనే ఉన్నాడు. మాథ్యూస్ ఆపలేదు. మియురా ఆపలేదు. మిల్లా ఒక్కడే రిటైరై తిరిగొచ్చాడని కథలా చెప్తారు. 1990లో దేశాధ్యక్షుడే పిలిపించాడు, ముప్పై ఎనిమిదేళ్ళకి నాలుగు గోల్స్ కొట్టాడు. కానీ ఆ పిలుపొచ్చేనాటికి అతను కూడా రీయూనియన్ దీవిలో ఒక క్లబ్బుకి ఆడుతూనే ఉన్నాడు. ఇంకోటి కూడా ఉంది: మిల్లా నలభై రెండేళ్ళకి గోల్ కొట్టిన మ్యాచ్‌లో కామెరూన్ 6-1తో ఓడింది. ఎల్ హదరీ పెనాల్టీ ఆపిన మ్యాచ్ ఈజిప్టు ఓడింది. ఇవి ఫార్వర్డుల్లో రావు.

ముప్పై దాటాక గుండె, ఊపిరితిత్తులు కలిసి కండరాలకి అందించగలిగే ఆక్సిజన్ పదేళ్ళకి పది శాతం దాకా తగ్గుతుందంటారు. గట్టిగా సాధన చేస్తూ ఉండేవాళ్ళలో తగ్గుదల అందులో సుమారు సగమే. ముందు పోయేది వేగం, ఆ మూడు నాలుగడుగుల వేగం. చివరిదాకా మిగిలేది చూపు, బంతి ఎక్కడికొస్తుందో తెలియడం. అందుకే గోల్‌కీపర్లు ఎక్కువకాలం ఉంటారు. నేను ఇన్నాళ్ళూ "వయసైనవాళ్ళు ఆడగలరా" అని ఒకే ప్రశ్న అనుకున్నాను. అవి రెండు ప్రశ్నలు. ఆడుతూ ఆడుతూ పెద్దవాడవడం ఒకటి. ఆపేసి, పెద్దవాడై, తిరిగి రావడం ఇంకోటి. మొదటిదానికి జవాబు "కొందరు ఆడగలరు". రెండోదానికి జవాబు మావయ్య కాలికున్న కట్టు.

మరి మావయ్య ఎందుకు ఆపాడు? అది నేనెప్పుడూ అడగలేదు. ఆపరేషనయ్యాక, మందు మత్తు పూర్తిగా దిగకముందు, ఆయనే చెప్పాడు. దెబ్బ తగిలి కాదు, ఒంట్లో శక్తి లేకా కాదు. ఆయనకి ఉద్యోగం ఆటవల్లే వచ్చింది. స్పోర్ట్స్ కోటా. వచ్చిన కొన్నేళ్ళు ఆఫీసు జట్టుకి ఆడాడు. తర్వాత ప్రమోషనొచ్చింది, వేరే సెక్షన్, ప్రాక్టీసుకి పర్మిషన్ అడిగితే "ఇంకా ఆటలేంటండీ, పెళ్ళైంది కదా" అన్నారు. ఇంట్లోనూ అదే మాట. తాతయ్య దృష్టిలో ఫుట్‌బాల్ పని అయిపోయింది, ఉద్యోగం ఇచ్చేసింది. ఏరు దాటాక తెప్ప తగలెయ్యమన్నారు. మావయ్య తగలేశాడు. మన దగ్గర చాలామంది ఆటగాళ్ళ కథ ఇదే. ముప్పై ఏళ్ళకి వాళ్ళ ఆట అయిపోదు, అవసరం తీరిపోతుంది.

*

మావయ్యా వాళ్ళ కోచ్ మాటిమాటికీ చెప్పే పేరు తులసీదాస్ బలరాం. ఆయన సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. హైదరాబాద్ నుంచి కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కి ఆడాడు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టులోనూ, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించిన జట్టులోనూ ఉన్నాడు. రెంటికీ కోచ్ హైదరాబాద్ వాడు, సయ్యద్ అబ్దుల్ రహీం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద బలరాం గోల్స్ కొట్టాడు. 1963 వచ్చేసరికి ఊపిరితిత్తుల జబ్బు. ఇరవై ఏడేళ్ళకి ఆట ముగిసింది. ఆ ఏడాదే రహీం క్యాన్సర్‌తో పోయాడు. బలరాం మాత్రం 2023 ఫిబ్రవరి దాకా, ఎనభై ఆరేళ్ళు బతికాడు.

ఇరవై ఏడేళ్ళు ఆటగాడు. మిగతా యాభై తొమ్మిదేళ్ళు మాజీ ఆటగాడు.

ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఛెత్రీ కొత్తగా కనిపిస్తాడు. అతని నలభై ఏళ్ళు ఒక్కడి పట్టుదల మాత్రమే కాదు. జీతమిచ్చే క్లబ్బు, ఫిజియో, తిండి లెక్క చూసేవాళ్ళు, ఆడినా ఇల్లు గడుస్తుందన్న ధీమా, ఇవన్నీ ఉంటేనే ఆటలో ముసలితనం వస్తుంది. మావయ్యకి అవి లేవు. బలరాం ఒళ్ళు అంతదాకా రానివ్వలేదు. మనవాళ్ళలో ఎక్కువమంది ఆటలో ముసలివాళ్ళవలేదు, ఆట బయట ముసలివాళ్ళయ్యారు.

2025 మార్చిలో ఛెత్రీ రిటైర్మెంట్ వెనక్కి తీసుకున్నాడు. పిలిచింది మనోలో మార్కెజ్, అంతకుముందు హైదరాబాద్ ఎఫ్‌సీకి టైటిల్ తెచ్చిపెట్టిన కోచ్. మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవులతో మ్యాచ్. ఆ వారం నేను నర్సీపట్నంలోనే ఉన్నాను. మావయ్య బూటుకాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఛెత్రీ తలతో గోల్ కొట్టాడు. నేను చప్పట్లు కొట్టాను. మావయ్య కొట్టలేదు.

"ఈడి తర్వాత ఎవుడూ లేడేటే?" అన్నాడు. "నలభై ఏళ్ళోణ్ణి ఎనక్కి పిలిచారంటే ఆడి గొప్పే. కానీ పిలవాల్సొచ్చిందంటే మన తప్పు."

ఆ అక్టోబర్లో సింగపూర్ చేతిలో ఓడి ఇండియా ఏషియన్ కప్‌కి వెళ్ళకుండా పోయినప్పుడు ఆ మాటే తలుచుకున్నాను.

ఆ గ్రౌండు కుర్రాడు దెబ్బ తగిలిన మూడో రోజే బత్తాయిలు పట్టుకుని ఇంటికొచ్చాడట. గుమ్మంలోనే నిలబడి, "నేను తగల్లేదండీ, ఒట్టు" అన్నాడట. అత్తయ్య చెప్తూ నవ్వింది. మావయ్య వాణ్ణి లోపలికి పిలిచి కూర్చోబెట్టి, "తగల్లేదని నాకూ తెలుసు. తగలాల్సిందిరా. ఎదరున్నోడు ముసలోడని బంతి వదిలేత్తే ఆడికి మర్యాద చేసినట్టు కాదు, ఆణ్ణి బయటికి పంపేసినట్టు" అన్నాడట.

ఇంగ్లండ్‌లో ఇప్పుడు పరిగెత్తకుండా నడుస్తూ ఆడే ఫుట్‌బాల్ ఉంది, పెద్దవాళ్ళ కోసం. 2011లో చెస్టర్‌ఫీల్డ్‌లో మొదలైంది. దాని వీడియో మావయ్యకి పంపాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. చివరికి ఈసారి అత్తయ్యకి పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడోరోజు ఫోన్ చేసి, "డాక్టరుగారిని అడిగి చెప్తాను" అంది.