గాలిఫ్ వీధిలో ఆదివారం సంత

కలకత్తా వెళ్లినవారు కాళీఘాట్ చూస్తారు, హౌరా వంతెన చూస్తారు, విక్టోరియా మెమోరియల్ ముందు ఫొటో తీయించుకుంటారు, రసగుల్లాల కుండ చేత పట్టుకుని రైలెక్కుతారు. అందులో తప్పేమీ లేదు. కాని ఆదివారం ఉదయం రెండు మూడు గంటలు తీరిక చిక్కితే, ఉత్తర కలకత్తాలో బాగ్‌బజారు పక్కనున్న గాలిఫ్ వీధికి కూడా వెళ్లి రండి. పిల్లలు వెంట ఉంటే మరీ మంచిది. డబ్బు మాత్రం పెద్దవాళ్ల జేబులోనే ఉండాలి.

శ్యాంబజారు మెట్రో స్టేషనులో దిగి, అయిదు రోడ్ల కూడలిలో గుర్రమెక్కి ఉన్న నేతాజీ విగ్రహానికి ఒక నమస్కారం పెట్టి నడక సాగిస్తే చాలు. దారి అడగనక్కరలేదు. నీళ్లు నింపిన సంచులు పట్టుకుని ఎదురొచ్చే జనమే దారి చూపిస్తారు. ఒకప్పుడు ట్రాములు వచ్చి తిరిగి వెళ్లిన చోటు ఇది. బెంగాలీలు దీన్ని ‘షొఖేర్ హాట్’ అంటారు. అంటే సరదాల సంత అన్నమాట.

పూలమొక్కలు, కుక్కపిల్లలు, పావురాలు – అన్నీ ఉన్నాయి గాని, సంతకు కళ తెచ్చేవి రంగు చేపలే. నేలమీద అల్యూమినియం గంగాళాలు, గాజుతొట్లు, తీగెలకు వేలాడే నీళ్ల సంచులు. ఎండపొడ పడితే ఒక్కో సంచీ ఒక్కో దీపంలా వెలుగుతుంది. బంగారు చేపలు, ఏంజెల్ చేపలు, తోక విసనకర్రలా విప్పే గప్పీలు! ఫైటరు మగచేపలను మాత్రం దేనికది వేరుగా పెడతారు. రెండింటిని కలిపితే యుద్ధమే. అంతటి కోపిష్టి చేప నీటిమీద బుడగలతో గూడు కట్టి, గుడ్లను తానే కాపలా కాస్తుంది. తల్లి దగ్గరికొస్తే తరిమేస్తుంది!

ఈ చేపల్లో చాలా భాగం హౌరా, దక్షిణ 24 పరగణాల జిల్లాల పల్లెల్లో పుట్టినవే. అక్కడ ఇళ్ల పెరళ్లలో సిమెంటు తొట్లు, మట్టి గోళాలు పెట్టుకుని, ఆడవాళ్లు కూడా చేపలు పెంచి నాలుగు డబ్బులు సంపాదిస్తారు.

ఒక మూల గంగాళంలో చారల చేపలు చిటికెన వేలంత కూడా లేవు. పెద్ద ధర కూడా కాదు. కాని వీటి చరిత్ర పెద్దది. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే వైద్యుడు గంగానది చేపల మీద 1822లో ప్రకటించిన గ్రంథంలో ఈ జీబ్రా చేపను వర్ణించాడు. దీని పిండం గాజులా పారదర్శకంగా ఉంటుంది. గుండె కొట్టుకోవడం బయటికే కనిపిస్తుంది. అందుకే లోకంలోని ప్రయోగశాలలన్నీ దీన్ని పెంచుకుంటున్నాయి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లోనూ ఉంది. బెంగాలు కాలువల్లోని చేప అంత దూరం వెళ్లింది మరి!

సంతలో అమ్మకమే కాదు, మార్పిడి కూడా జరుగుతుంది. ధోవతి కట్టిన ఒక ముసలాయన సంచీలోంచి తడి కాగితంలో చుట్టిన నీటిమొక్కలు తీశారు. ఎదురుగా పదిహేనేళ్ల కుర్రవాడు గప్పీల సంచీ పట్టుకుని నిలబడ్డాడు.

“కాకూ, ఎనిమిది చేపలు. రెండు గుబుర్లు ఇవ్వండి.”

“ఆడవెన్ని?”

“అయిదు.”

“అమ్మయ్యో! నెల తిరిగేసరికి నా తొట్టి పురిటిగది అవుతుంది. మగవి ఎక్కువ వెయ్యి నాయనా.”

పైసా ఖర్చు లేకుండా బేరం తెగింది. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్లారు.

చూడటానికి ఇది వేడుకే గాని, ఇందులో పెద్ద మేలే ఉంది. తొట్టిలో చేపలు ఎక్కువైనా, పెరిగి పెద్దవైనా చాలామంది ఏంచేస్తారు? పుణ్యమనుకుని చెరువులో వదిలేస్తారు. తొట్టి గోడల పాచి తింటుందని ‘సక్కరు’ చేపను కొంటారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేప వేలెడు ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. తరవాత మూరెడు పెరుగుతుంది. ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు. చెరువులో పడితే గట్లు తవ్వుతుంది, జాలరుల వలలు చింపుతుంది, మన చేపల తిండి తినేస్తుంది. 2002లో రాంసర్ జాబితా కెక్కిన తూర్పు కలకత్తా చిత్తడి నేలల చేపల చెరువుల్లో ఇది చేరింది. మన ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లోనూ చేరింది. జాలరులు ‘దెయ్యం చేప’ అని తిట్టుకుంటున్నది దీన్నే. వద్దనుకున్న చేపను మరొక సరదాపరుడికి ఇవ్వాలి గాని, చెరువుకు ఇవ్వకూడదు. సంతకు మళ్లీ తెచ్చినవాడే పుణ్యాత్ముడు.

మా అమ్మాయి ఒక ఫైటరు ముందు కూర్చుని లేవనంది. అమ్మే ఆయన ధర చెప్పలేదు. “ఇంట్లో తొట్టి ఉందా తల్లీ?” అని అడిగాడు. లేదంది. “అయితే ముందు నీళ్లు సిద్ధం చేసుకో. కుళాయి నీళ్లు ఒక రోజు నిలవబెట్టి, మొక్క వేసి, నెల్లాళ్లు ఆగు. చేపల మలినాన్ని విరిచే సూక్ష్మజీవులు అప్పటికిగాని నిలదొక్కుకోవు. చేప తెచ్చాక సంచీతోనే తొట్టిలో పావుగంట తేలనిచ్చి, అప్పుడు వదులు. చిన్న గాజుగిన్నెలో మాత్రం పెట్టకు” అన్నాడు. చేతిలోకొచ్చిన బేరాన్ని వదులుకుని పాఠం చెప్పే వర్తకుణ్ణి మరెక్కడా చూడలేదు. పిల్ల ముఖం చిన్నబోయింది గాని, మొక్క ఒకటి కొనుక్కుని లేచింది.

సంతకు వెళ్లేవారు పెందలాడే వెళ్లాలి. పొద్దెక్కితే జనం, ఉక్క. నీళ్లు వేడెక్కి చేపలూ నీరసిస్తాయి. ఎవరైనా చాటుగా మన దేశపు చిలకలను చూపిస్తే కొనకండి. వాటిని పట్టి అమ్మడం చట్టరీత్యా నేరం. గుడ్డసంచీ ఒకటి పట్టుకెళ్లండి. ఏమీ కొనకపోయినా ఫరవాలేదు. ఆ రంగులు చూడటానికి టిక్కెట్టు లేదు.