పైన గాలి ఉండదా సార్?

ఆదివారం బట్టలు ఉతుక్కునేటప్పుడు మా హాస్టల్ మీదుగా విమానం పోతే, చేతిలో సబ్బు వదిలేసి ఆవరణలోకి పరుగెత్తేవాళ్లం. తెల్లని గీత చెరిగిపోయేదాకా చూసేవాళ్లం. "అంత పైన గాలి ఎట్లా పీలుస్తారు సార్?" అని అడిగితే వార్డెన్ గారు "ముందు టెన్త్ పాసవ్వండ్రా" అన్నారు. పాసయ్యాం. పైలట్ మాత్రం ఒక్కరమూ కాలేదు.

2014 మే 25న మన చర్ల మండలం సాధనపల్లి ఆనంద్ కుమార్, మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. ఆ శిఖరం మీద గాలి ఒత్తిడి మన దగ్గర ఉండేదానిలో మూడో వంతే. అందుకే వీపున సిలిండర్, ముఖాన మాస్కు. యుద్ధ విమానం ఇంకా పైకి, 50,000 అడుగుల దాకా పోతుంది. అక్కడ క్యాబిన్‌లో ఒత్తిడి పోయి, మాస్కు కూడా లేకపోతే పైలట్ తెలివిలో ఉండేది పది సెకన్లే.

2021 మేలో మా బ్యాచ్ మిత్రుడి నాన్నకు కరోనా వచ్చింది. సిలిండర్ కోసం మేం నలుగురం రాత్రంతా ఖమ్మంలో తిరిగాం. ఖాళీది తెస్తేనే నింపుతామన్నారు. ఖాళీది మాత్రం ఎక్కడ దొరుకుతుంది? తెల్లవారుజామున ఒకటి దొరికింది. ఆటోలో దొర్లకుండా కాళ్లతో అదిమిపట్టి తెచ్చాం. వార్డు గుమ్మంలోనే మావాడు ఎదురొచ్చి, అక్కర్లేదన్నట్టు తల ఊపాడు.

ఆ రోజుల్లోనే పేపర్లో చదివాం. తేజస్ విమానం కోసం బెంగళూరులోని డీఆర్‌డీవో ప్రయోగశాల డెబెల్ ఒక పరికరం తయారుచేసింది. ఇంజిన్ నుంచి తీసుకున్న గాలిని జియోలైట్ గుళికల గుండా పంపితే నైట్రోజన్ వాటికి అంటుకుపోతుంది, ఆక్సిజన్ పైలట్ మాస్కుకు చేరుతుంది. సిలిండర్ నింపే పనే లేదు! అదే పద్ధతిలో నిమిషానికి 1,000 లీటర్లు ఇచ్చే ప్లాంట్లు ఆసుపత్రులకు వస్తున్నాయని రాశారు. పేపరు చేతులు మారింది. ఎవరమూ ఏమీ మాట్లాడలేదు.

2025 మార్చి 4న ఆ వ్యవస్థను తేజస్‌లో 50,000 అడుగుల ఎత్తు దాకా పరీక్షించారు. మొన్న హాస్టల్‌కు వెళ్లి ఇదంతా బోర్డు మీద బొమ్మ గీసి తమ్ముళ్లకు చెప్పాం. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు.

"ఇంజిన్ ఆగిపోతే అన్నా?"

"అత్యవసరానికి వేరే ఆక్సిజన్ సీసా కూడా పెడతారురా."

"అంటే సిలిండర్ ఉండాల్సిందేగా" అని కూర్చున్నాడు.