పాత కంప్యూటరుకు కొత్త గ్రాఫిక్స్ కార్డు

మన పెద్దల కాలంలో రేడియో మూగపోతే వాల్వు మార్చేవారు. గోడ గడియారం ఆగిపోతే స్ప్రింగు మార్చేవారు. వస్తువు మొత్తాన్ని పారవేయాలన్న ఆలోచన చివరికి గాని వచ్చేది కాదు. నేడు పది పన్నెండేళ్ళ వయస్సు గల కంప్యూటరును చూపి సలహా అడిగితే, మూత విప్పి చూడకుండానే "తూకానికి అమ్మేయండి" అని చెప్పేవారే అధికం. మాకూ ఆ సలహా అనేకసార్లు లభించింది. దానిని త్రోసిపుచ్చి మేము చేసిన పనిని సంచిక పాఠకులైన విద్యార్థి మిత్రులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ విన్నవించుకొంటున్నాము. ఆటల కొరకు సొమ్ము వెచ్చించిన కథ ఇది కావున, పెద్దలు కొంచెం ఓపికతో చదువవలెనని మనవి.

మేము ముగ్గురం. ఒకే గదిలో అద్దెకు ఉంటున్నాము. ఇద్దరం సైన్సు, ఒకరు కామర్సు. ఇద్దరి ఇంటి భాష తెలుగు, ఒకరిది ఉర్దూ. గదిలోని కంప్యూటరు ఆ ఉర్దూ మిత్రుని అన్నగారిది. వారిని మేమందరం భాయ్‌జాన్ అనే పిలుస్తాము. వారు ఒక ఆఫీసులో లెక్కలు వ్రాస్తున్న రోజులలో, ఆ ఆఫీసువారు పాత యంత్రాలను సిబ్బందికి చౌకగా ఇచ్చివేయగా ఒకటి తెచ్చుకొన్నారు. 2023లో రియాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్ళిపోతూ దానిని మాకు అప్పగించారు. మా స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ప్రాజెక్టు పనులు అన్నీ దానిమీదనే సాగుతున్నాయి.

అక్కడ శుక్రవారం సెలవు. ఆ సాయంత్రం భాయ్‌జాన్ తమ గదిలో ల్యాప్‌టాప్ తెరుస్తారు; ఇక్కడ మేము దీనిని తెరుస్తాము. రెండున్నర గంటల కాలభేదం ఉన్నప్పటికీ ఒక గంటసేపు అన్నదమ్ములిద్దరూ కలిసి ఆడుకొంటారు, మధ్యలో మేమూ చేరుతాము. ఆట పేరు రాకెట్ లీగ్. కార్లతో ఫుట్‌బాల్ ఆడటం అన్నమాట! 2015లో వచ్చిన ఈ ఆట 2020 సెప్టెంబరు నుండి ఉచితం. ఫోనులో మాట్లాడితే ఐదు నిమిషాలలో "తిన్నావా, అమ్మీ ఎలా ఉంది" అనే ప్రశ్నలు అయిపోయి ఇద్దరూ మౌనం వహించేవారు. ఆటలో మాత్రం ఆ మౌనం ఉండదు. తిట్టుకొంటారు, నవ్వుకొంటారు, ఆ నడుమ భాయ్‌జాన్ నోటి నుండి జీతం ఆలస్యమైన సంగతి, జ్వరం వచ్చిన సంగతి కూడా జారిపడుతుంది. ఫోనులో అయితే అవి ఎన్నటికీ చెప్పి ఉండేవారు కాదు.

కాని మా యంత్రం ఆ గంటను సాగనివ్వలేదు. బొమ్మ నిలిచిపోయేది, మరల కదిలేసరికి బంతి మా గోలులో ఉండేది. నాలుగు వారాలు ఇట్లు జరిగిన తరువాత, ఐదవ శుక్రవారం భాయ్‌జాన్ "ఇవాళ అలసిపోయాను" అని ముందుగానే సెలవు తీసుకొన్నారు. అలసట ఎవరికో మాకు తెలుసు.

ఇక్కడ యంత్రం సంగతి కొంత చెప్పాలి. మాది ఇంటెల్ కోర్ ఐ5-3470, 2012 నాటి ప్రాసెసరు. నాలుగు కోర్లు గలది. వ్రాతకోతలకు నేటికీ చాలును. దానిలోనే ఇమిడి ఉన్న హెచ్‌డి గ్రాఫిక్స్ 2500 అనే భాగం బొమ్మలు గీస్తుంది. మా మానిటరు మీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. అనగా సుమారు పది లక్షల నలభై తొమ్మిది వేలు. కదలిక నునుపుగా కనపడాలంటే సెకనుకు 60 మారులు ఆ చుక్కలన్నిటికీ రంగు నిర్ణయించాలి. ఇది ఆరు కోట్లు దాటిన లెక్క. పైగా ఈ ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌కు తనదంటూ మెమరీ లేదు. కంప్యూటరు ర్యామ్‌లోనే ఒక మూల సర్దుకొని కూర్చుంటుంది, ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలి వలె.

కావున మొదట చౌక మందు వేశాము. మా యంత్రంలో ఒకే ర్యామ్ ముక్క ఉండేది. డిడిఆర్3-1600 రకం ముక్క ఒక్కటే ఉంటే సెకనుకు 12.8 గిగాబైట్లు మాత్రమే ప్రవహిస్తాయి. రెండవ చానెల్‌లో అటువంటిదే మరొకటి పెడితే అది 25.6 అవుతుంది. నాలుగు వందల రూపాయలకు పాత ముక్క ఒకటి తెచ్చి పెట్టాము. ఆట కొంత తేరుకొన్నది. ఈ సంగతి తెలియక నేరుగా కార్డు కొరకు పరుగెత్తేవారు చాలామంది ఉన్నారు. మీ కోరిక పాత క్రికెట్ ఆటల వరకే అయితే ఇక్కడితో ఆగిపోవచ్చును. మాకు మాత్రం చాలలేదు.

గదిలో వాదం అప్పుడు మొదలైంది. మా ఉమ్మడి డబ్బాలో ఆరు వేల రూపాయలున్నాయి. నెలనెలా తలా కొంత వేసి కూడబెట్టినవి. కామర్సు మిత్రుడు, "ఆటకు ఆరు వేలా? పరీక్ష ఫీజు వచ్చినప్పుడు ఎవరిని అడుగుతాం?" అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. ఉర్దూ మిత్రుడు ఒక్క మాటా అనలేదు; తన అన్న కొరకు మా సొమ్ము అడగటం అతనికి ఇష్టం లేదు. రెండు రోజులు గదిలో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. చివరకు కామర్సు మిత్రుడే ఒక కాగితం మీద లెక్క వేసి, ఫీజు గడువుకు ఇంకా నాలుగు నెలలున్నవని తేల్చి, "ఐదు వేల రెండు వందలు దాటకూడదు" అని షరతు పెట్టాడు. ఆ షరతే మాకు మేలు చేసింది. హద్దు లేకుండా బజారుకు పోయినవాడిని దుకాణదారు ఆడిస్తాడు.

బజారుకు పోకముందు మూత విప్పి మూడు సంగతులు చూసుకొన్నాము. మొదటిది విద్యుత్తు. పవర్ సప్లయి మీద 240 వాట్లు అని ముద్రించి ఉంది. దాని నుండి కార్డుకు వేరుగా విద్యుత్తు ఇచ్చే తీగ లేదు. కార్డు కూర్చుండే పిసిఐ ఎక్స్‌ప్రెస్ గాడి తనంతట తాను ఇవ్వగలిగేది 75 వాట్లు మాత్రమే. ప్రాసెసరుకు 77, కార్డుకు 75, మిగిలిన సరంజామాకు నలభై అనుకొన్నా రెండు వందల లోపే. అంతకు మించిన కార్డు ఎవరు ఊరకే ఇచ్చినా మాకు వద్దు. రెండవది ఎత్తు. మాది సన్నని పెట్టె; సగం ఎత్తు గల లో ప్రొఫైల్ కార్డు తప్ప మరొకటి పట్టదు. మూడవది మానిటరు. దానికి ఉన్నది పాత విజిఎ దారి ఒక్కటే. మేము తలచిన కార్డులకు ఆ దారి లేదు. కావున నడుమ ఒక కన్వర్టరు అవసరం.

ఈ కొలతలన్నిటికీ సరిపోయినవి కొన్నే. జిటి 1030 కేవలం 30 వాట్లతో నడుస్తుంది. జిటిఎక్స్ 1050 టిఐ 75 వాట్లు తీసుకొంటుంది. 2016 అక్టోబరులో వచ్చింది. నాలుగు గిగాబైట్ల సొంత మెమరీ, సెకనుకు 112 గిగాబైట్ల ప్రవాహం. జిటిఎక్స్ 1650 అంతకన్నా కొత్తది, 2019 నాటిది. మా డబ్బాకు అందలేదు. ఆర్‌ఎక్స్ 6400 పేరు కూడా ఒకరు చెప్పారు. అది నాలుగు లేన్లతోనే పని చేసేది, పాత గాడిలో దాని వేగం తగ్గుతుంది, కావున మానుకొన్నాము.

జిటి 1030 గురించి ఒక హెచ్చరిక. ఆ పేరుతో రెండు సరుకులు అమ్ముడుపోతాయి. 2017లో వచ్చిన దానికి జిడిడిఆర్5 మెమరీ, సెకనుకు 48 గిగాబైట్లు. 2018లో అదే పేరుతో వచ్చిన మరొక దానికి డిడిఆర్4 మెమరీ, 16.8 గిగాబైట్లు మాత్రమే. పేరు ఒకటే, రంగు పెట్టె ఇంచుమించు ఒకటే. శక్తిలో మాత్రం బహుదూరం. మేము వెళ్ళిన మొదటి దుకాణంలో ఈ రెండవదానినే మొదటిదాని ధరకు చూపారు. పెట్టె వెనుక చిన్న అక్షరాలు చదివి లేచి వచ్చాము.

రెండవచోట ఇంతకంటె చిత్రం. 1050 టిఐ అని చెప్పి రెండు వేలకే ఇస్తామన్నారు! అంత చౌక చూసి ఉర్దూ మిత్రుని ముఖం వెలిగింది. మాకు మాత్రం గుండె ఝల్లుమన్నది. దానిని వారి కంప్యూటరులోనే పెట్టించి జిపియు-జెడ్ అనే చిన్న ప్రోగ్రాము నడిపి చూశాము. పేరుకు ముందు "ఫేక్" అని వచ్చింది. పాతకాలపు చిప్పుకు బయాస్ మార్చి కొత్త పేరు తగిలించే విద్య ఒకటి బజారులో ఉంది. ఆ ప్రోగ్రాము 2018 నుండి అటువంటి వాటిని పట్టి ఇస్తున్నది. దుకాణదారు ఏమాత్రం తడబడక "అట్లనే చూపుతుంది తమ్ముడూ, ఆడుకోవడానికి ఏం కాదు" అన్నాడు. నమస్కారం చెప్పి వచ్చేశాము.

సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అంతస్తులు ఎక్కి దిగి, చివరకు ఒక వయసు మళ్ళిన ఉస్తాద్ వద్ద అసలైన కార్డు దొరికింది. వాడినదే, నాలుగు వేల మూడు వందలు. "చచా, ఇది మైనింగ్‌లో నడిచిందా?" అని అడిగాము. 2022 సెప్టెంబరులో ఈథేరియం పద్ధతి మారి గ్రాఫిక్స్ కార్డులతో నాణేలు తవ్వే పని ఆగిన తరువాత, అట్లు రాత్రింబవళ్ళు శ్రమించిన కార్డులు పాత బజారులోకి చాలా వచ్చాయి. ఆయన నవ్వి, "అది నేను ఎట్లా చెప్తాను బేటా? నీ కళ్ళతో నువ్వే చూసుకో" అని అరగంట సేపు పరీక్ష నడపనిచ్చారు. వేడి డెబ్బది డిగ్రీలు దాటలేదు; పంకా శబ్దం మామూలు. వారం రోజులలో చెడితే తిరిగి తీసుకొంటానని రసీదు మీద వ్రాసి ఇచ్చారు. కార్డు పాతబడినప్పటికీ మాట నిక్కమైనది.

బిగించే ముందు రోజు రాత్రి మాలో ఎవరికీ సరిగా నిద్ర లేదు. యంత్రం పాడైతే ఆట ఒక్కటే పోదు, చివరి సంవత్సరం ప్రాజెక్టు కూడా పోతుంది. అందుచేత సమస్తం వేరొక డిస్కులో దింపుకొన్నాము. పాత మదర్‌బోర్డులు కొన్ని, కొత్త కార్డు పెడితే నల్లని తెర చూపి ఊరుకొంటాయి. బయాస్‌ను ముందుగా తాజా చేసుకోవటం మంచిది. ఆ పని నడుమ కరెంటు పోతే బోర్డే పోవచ్చును. మా వీధి కరెంటును నమ్మటం కంటె పక్కగది వారి యుపిఎస్‌ను నమ్మటం మేలని అరువు తెచ్చాము. నాలుగు నిమిషాలలో పని ముగిసింది. అవి ఎంత పొడవైన నాలుగు నిమిషాలో! తరువాతిది తేలిక. తీగ ఊడదీసి, పవర్ మీట కొన్ని క్షణాలు నొక్కి పట్టి మిగిలిన విద్యుత్తు పోనిచ్చి, పెట్టె ఇనుమును తాకి, దుమ్ము దులిపి, ప్రాసెసరుకు నూటయాభై రూపాయల కొత్త పేస్టు పూసి, కార్డును గాడిలో "టక్" మనే వరకు నొక్కాము. మానిటరు తీగను పాత చోట గాక కార్డుకే తగిలించాలి. ఇది చాలామంది మరచి, కార్డు చెడ్డదని తిట్టుకొంటారు.

ఆ శుక్రవారం భాయ్‌జాన్‌కు ముందుగా ఏమీ చెప్పలేదు. ఆట మొదలైన రెండు నిమిషాలకు మైకులో వారి గొంతు వినిపించింది: "అరే మియా, అబ్ గాడీ సీదీ చల్రీ!" తమ్ముడు సమాధానం చెప్పలేదు. కళ్ళు తుడుచుకోవటానికి చేయి కావలసి వచ్చి, అతని కారు పోయి గోడకు కొట్టుకొన్నది. గోలు పడింది. కామర్సు మిత్రుడు, లెక్కల మనిషి, "ఒకటి సున్నా" అని గంభీరంగా ప్రకటించాడు.

అన్నీ సుఖాంతమే అని చెప్పలేము. రియాద్ నుండి మా వరకు సంకేతం రావటానికి పట్టే ఆలస్యాన్ని ఏ కార్డూ తగ్గించలేదు. కొత్త పెద్ద ఆటలలో ప్రాసెసరే అలసిపోతుంది; ఆ కోరిక గలవారు ఈ దారి పట్టవద్దు. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా మా ప్రాసెసరును అంగీకరించదు. కావున బ్యాంకు వ్యవహారాలు దీనిమీద చేయటం మానివేశాము. 1050 టిఐ వంటి కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లు కూడా అదే నెలతో ఆగాయి. భద్రతా సవరణలు 2028 అక్టోబరు వరకు వస్తాయని తయారీదారులు ప్రకటించారు. మాకు అంతకాలం చాలును.

ర్యామ్, కార్డు, పేస్టు, మూడు వందల యాభై రూపాయల కన్వర్టరు కలిపి సరిగ్గా ఐదు వేల రెండు వందలు. మిగిలిన ఎనిమిది వందలు డబ్బాలోనే ఉన్నాయి. పరీక్షలు ముగియగానే మేము గది ఖాళీ చేస్తాము. యంత్రాన్ని గదిలోకి వచ్చే తమ్ముళ్ళకు వదలివేయమని భాయ్‌జాన్ చెప్పారు. పెట్టె లోపలి గోడకు ఒక కాగితం అతికించాము: "240 వాట్లు. 75కు మించిన కార్డు పెట్టవద్దు. రసీదు డబ్బాలో ఉంది. శుక్రవారం సాయంత్రం ఖాళీగా ఉంచగలరు."