ముంపులో వరి ఏం చేస్తుంది?

వరి వంగడాలు ముంపును ఎంతవరకు తట్టుకుంటాయో పరీక్షించడం నా పని. మూడు వారాల నారును తొట్టెల్లో పూర్తిగా ముంచుతాం. రెండు వారాలయ్యాక నీరు తీసేసి, మరో వారం ఆగి, ఏ మొక్కలు కొత్త ఆకు వేశాయో లెక్కిస్తాం. నీరు తీసిన రోజున అన్నీ వాడి, పాలిపోయే ఉంటాయి. బతికేదేదో, చచ్చేదేదో ఆ రోజు చూపుకు అందదు. తేడా అంతా లోపల, జన్యువుల్లో ఉంటుంది.

మొక్కలో ఎప్పుడూ కొద్దికొద్దిగా ఇథిలీన్ వాయువు పుడుతుంది. వాయువులు గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతాయి. అందుకే మునిగిన మొక్కలో ఇథిలీన్ బయటికి పోలేక పేరుకుంటుంది. మునిగిపోయానని మొక్కకు తెలిసేది ముఖ్యంగా దానివల్లే. అప్పుడు మామూలు వరి జిబ్బరెలిన్ అనే హార్మోన్ ప్రభావంతో ఆకులు సాగదీసి నీటిపైకి రావాలని చూస్తుంది. నీరు త్వరగా తీయకపోతే దాచుకున్న పిండిపదార్థం అయిపోయి చచ్చిపోతుంది.

ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్13ఎ రకం అలా చేయదు. దానిలోని సబ్1ఎ జన్యువు అదే ఇథిలీన్‌తో చురుకై, జిబ్బరెలిన్ ప్రభావాన్ని అణచి, ఎదుగుదలను నిలిపేస్తుంది. మిగిల్చుకున్న శక్తితో, నీరు తీశాక మొక్క మళ్లీ చిగురిస్తుంది. లోతునీటి వరుల్లోని స్నార్కెల్ జన్యువులు ఇందుకు పూర్తిగా విరుద్ధం. అవీ ఇథిలీన్‌కే స్పందిస్తాయి గానీ, కాండాన్ని వేగంగా పెంచి ఆకులను నీటిపైకి తెస్తాయి. వారాల్లో తీసే వరదకు మొదటి దారి, నెలల తరబడి నిలిచే నీటికి రెండో దారి.

జన్యువు చురుకైందో లేదో తెలియాలంటే ఆకులోని ఆర్‌ఎన్‌ఏను కొలవాలి. ఇందులో నిదానం పనికిరాదు. 1990లో జానెట్ బ్రామ్, రొనాల్డ్ డేవిస్ అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలపై చేసిన పనిలో, వాన, గాలి, చేతి స్పర్శ తగిలిన అరగంటలోపే కొన్ని జన్యువుల ఆర్‌ఎన్‌ఏ ఎన్నో రెట్లు పెరిగింది. అంటే నా చేయి తగలడం కూడా మొక్కకు ఒక వార్తే. అందుకే కోసిన ఆకును క్షణాల్లో ద్రవ నత్రజనిలో వేస్తాను. ముంచని మొక్కల ఆకులనూ అదే వేళకు, అదే తీరున కోస్తాను. లేకపోతే నేను కొలిచేది ముంపునో, నా చేతినో తేల్చుకోలేను.

సబ్1ఎను 2006లో గుర్తించారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ (ఇర్రి) శాస్త్రవేత్తలు సంకరణం ద్వారానే దాన్ని మన మారుటేరు వరి రకమైన స్వర్ణలోకి తెచ్చారు. స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. ఇది సుమారు రెండు వారాల పూర్తి ముంపును తట్టుకుంటుంది. నెలల తరబడి నడుములోతు నీరు నిలిచే చేలకు మాత్రం తగదు.

రైతు సోదరులకు నా మనవి ఒక్కటే. ఈ రకం వేసిన చేను వరద తీశాక పచ్చదనం పోయి కనిపిస్తే వెంటనే దున్నేయకండి. వారం ఆగి మొవ్వులో కొత్త ఆకు వస్తోందేమో చూసి, ఆ తర్వాతే నిర్ణయించుకోండి.