ఏదుపందికి ఒక మూల

ఖమ్మం నుండి భద్రాచలం బస్సు ఎక్కినవారికి కొత్తగూడెం దాటగానే గాలి మారినట్టు తెలుస్తుంది. కొత్తగూడెం స్టేషనుకు ‘భద్రాచలం రోడ్’ అని పేరున్నా, అసలు భద్రాచలం అక్కడికి ఇంకా నలభై కిలోమీటర్ల దూరం. దారిలో పాల్వంచ దగ్గర కిన్నెరసాని వైపు తిరిగితే 1977లో ప్రకటించిన అభయారణ్యం వస్తుంది. దాని విస్తీర్ణం 635 చదరపు కిలోమీటర్లు. తిన్నగా పోతే సారపాక, 1965లో ప్రారంభమైన గోదావరి వంతెన, ఆవల భద్రాచలం. ఈ దారికి కాస్త లోపలగా, అడవి అంచున మా మందిరం ఉంది. దాని వెనుక చిన్న పెరడు.

ఒక ఆదివారం సండేస్కూలు పిల్లవాడొకడు, “అయ్యగారూ, ఇంగ్లండులో ముళ్లజంతువుల కోసం తోటల్లో ఆకుల ఇల్లు కడతారట, మనమూ కడదామా?” అన్నాడు. వాడు చదివింది హెడ్జ్‌హాగ్ గురించి. అక్కడివారు ఎండుటాకులు, పుల్లలు కుప్పగా పోసి, అది వచ్చిపోవడానికి కంచె అడుగున 13 సెంటీమీటర్ల కన్నం వదులుతారు. దాని దక్షిణాది బంధువు ఒకటి తమిళనాడు, కేరళ, ఆంధ్రప్రదేశ్‌లలోని పొడి నేలల్లో ఉంది. గుప్పెడంత జంతువు. పురుగులను తింటుంది, భయపడితే బంతిలా ముడుచుకుంటుంది. మా అడవి అంచున రాత్రిపూట తిరిగేది మాత్రం అది కాదు, ఏదుపంది. పదిహేను కిలోల వరకు తూగుతుంది. అది బంతిలా ముడుచుకోదు. ముళ్లు నిక్కబొడిచి, తోక గలగలలాడించి, వెనక్కి నడిచి గుచ్చుతుంది. ముళ్లను బాణాల్లా విసురుతుందనే మాట నిజం కాదు. ఈ పేర్ల తికమక మనకే కాదు. యెషయా గ్రంథం 34వ అధ్యాయంలోని ‘కిప్పోద్’ అనే హెబ్రీ మాటను కొందరు అనువాదకులు ముళ్లజంతువన్నారు, మరికొందరు పక్షి అన్నారు.

పిల్లవాడికి సంతోషంగా జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే ఆ వారమే ఏదుపంది మా చిలగడదుంపలను రెండు వరుసలు తవ్వేసింది, కొబ్బరి మొక్కను మొదలంటా కొరికేసింది. ఒక యువకుడు, “ఉచ్చు పెడతాను అయ్యగారూ, కూర కూడా బాగుంటుంది” అన్నాడు. 1972 నాటి వన్యప్రాణి చట్టం మాకు తెలియనిది కాదు. అయినా మేము వద్దనలేదు. ఊరకుండడమే ఒప్పుకోలు అయింది.

తెల్లవారి చూస్తే ఉచ్చులో పడింది ఏదుపంది కాదు, పొరుగింటి ముసలమ్మ కుక్క. కాలు కోసుకుపోయి మూలుగుతోంది. ఆమె దానిని ఒళ్లోకి తీసుకుని, “దుంపల కోసమేనా అయ్యా?” అని మాత్రం అడిగింది. ఆ రోజు మేము ప్రసంగానికి సిద్ధపడలేకపోయాము. కుక్క బ్రతికింది గాని నేటికీ కుంటుతుంది. చేనుకు కరెంటు తీగ పెట్టినచోట మనుషులే చనిపోయిన సంగతులు మన జిల్లాలలో ఎన్ని వినలేదు!

ఉచ్చు తీసేశాక ఒక కోయ తాత సలహా అడిగాము. “అది ఎక్కలేదు, తవ్వుతుంది. భూమిలోకి రేకు దించు. దానికో మూల వదులు” అన్నాడు. దుంపల మడి చుట్టూ పాత రేకులు అడుగు లోతున పాతాము. మొక్కల మొదళ్లకు డబ్బా రేకు చుట్టాము. పెరటి చివర పొదలు నరకడం మానేసి, బండరాళ్ల నడుమ పడిపోయిన ఇప్పదుంగను అలాగే ఉంచాము. ఎండుటాకులు తగులబెట్టడం మానేశాము. ఆహారం మాత్రం పెట్టలేదు. మచ్చిక చేస్తే దానికే ప్రమాదం.

వానాకాలంలో ఒక మూల రేకు లోతు చాలక కొన్ని దుంపలు పోయాయి. మిగిలినవి దక్కాయి. ఆకుల కింద కప్పలు, నలికిరులు చేరాయి. ఏదుపంది అక్కడే ఉంటుందో, వచ్చి పోతుందో చెప్పలేము. అది రాత్రి సంచారి, పగలు బొరియ విడిచి రాదు. సున్నం కోసం అది ఎముకలు కొరుకుతుంది; అలా కొరికిన పశువు ఎముక ఒకటి దుంగ పక్కన దొరికింది.

మొన్న ఆ పిల్లవాడు నలుపు తెలుపు చారల ముల్లొకటి తెచ్చి, “అయ్యగారూ, మన ఇంటికి వచ్చిందండీ!” అన్నాడు. వెనుక ముసలమ్మ కుక్క కుంటుకుంటూ వచ్చి దానిని వాసన చూసింది. ప్రియులారా, మీ పెరటిలోనూ ఒక మూలను ఊడ్వకుండా వదలండి. ఉచ్చు పెడతామని ఎవరైనా అడిగితే మాత్రం, మావలె ఊరకుండకండి.